ముందు తీగను అడుగుడు

(మన సంఘపు సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి సభలో మమ్ము మాట్లాడుమని కార్యదర్శిగారు కోరినపుడు మేము భాషను గూర్చియో, పిల్లల తెలుగు తరగతిని గూర్చియో మాట్లాడుదుమని మీరు తలచియుందురు. ఆ విషయములు మాకంటె బాగుగా చెప్పగల పెద్దలు ఈ వేదికమీదనే ఉన్నారు. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి మోటారు పంపుల విడిభాగముల అంగడిలో కూర్చున్నవారము. కావున మా కారునకు సంబంధించిన ఒక చిన్న సంగతినే చెప్పదలచితిమి. ముందు అద్దమునకు అంటించు డ్యాష్‌క్యామ్ అను కెమెరాను గూర్చినది ఆ సంగతి. ఇది సభకు తగిన విషయమా యని మీకు తోచవచ్చును. కాని దాని మూలమున మేము ఒక నిర్దోషిని నొప్పించితిమి. ఆ తప్పు మీలో మరియొకరు చేయకుండవలెనని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

మనలో అనేకులకు కోయంబత్తూరున వ్యాపారము, మదురలో వియ్యము. లేదా మదురలో అంగడి, కోయంబత్తూరున ఆడపడుచు. పొల్లాచి, పళని, దిండిగల్లు మీదుగా 200 కి.మీ.లకు పైబడిన ఈ దారిని ఏడాదికి ఎన్ని పర్యాయములు తొక్కుదుమో లెక్కలేదు. ఈ దారులు మనకు కొత్తవి కావు. నాయక రాజుల కాలమున మన పూర్వులనేకులు ఈ సీమలకు వచ్చి స్థిరపడిరి. 1689 మొదలు మదుర రాజ్యమును పాలించిన రాణి మంగమ్మ దారులు వేయించి, చెట్లు నాటించి, సత్రములు కట్టించినదని ప్రజలు నేటికిని చెప్పుకొందురు. 1920లో జి. డి. నాయుడుగారు తమ మొదటి బస్సును పొల్లాచి పళనిల నడుమ తామే నడిపిరి.

ఆ కాలమున లేని కష్టమొకటి నేడున్నది. దారిలో రెండు బండ్లు తాకినచో పెద్దబండివానిదే తప్పని గుంపు చేరి తీర్పు చెప్పును. నిజము చెప్పువానికి సాక్షి దొరకడు. అందుచే మనవారు పలువురు ఈ కెమెరాలను కొనుచున్నారు. గడచిన సంవత్సరము మేమును ఒకటి కొని, ఒక అంగడిలో బిగింపించితిమి.

ఈ కెమెరాకు శక్తినిచ్చు పద్ధతులు రెండు. సిగరెట్ లైటరు సాకెట్టులో ప్లగ్గు పెట్టుట ఒకటి. ఇందు అనేక కార్లలో తాళము తీయగనే కెమెరా ఆగిపోవును. ఫ్యూజు పెట్టెనుండి తీగలు లాగి నేరుగా కలుపుట రెండవది. ఈ పద్ధతిలో కారు నిలిపియున్నపుడును కెమెరా కాపలా కాయగలదు. దీనికి సాధారణముగా మూడు తీగలుండును. ఒకటి ఎల్లవేళల శక్తియుండు ఫ్యూజునకు. అది బహుశః పసుపుపచ్చనిది. రెండవది తాళము తిప్పినపుడు మాత్రమే శక్తి వచ్చు ఫ్యూజునకు. అది బహుశః ఎర్రనిది. మూడవది నల్లనిది, కారు ఇనుపచట్రమునకు, అనగా ఎర్త్‌నకు. మూడును ఒక చిన్న డబ్బీలోనికి పోవును. ఆ డబ్బీ 12 వోల్టులను 5 వోల్టులుగా తగ్గించి కెమెరాకు అందించును. రంగులు ఒక్కొక్క తయారీలో మారును గనుక డబ్బీమీది అక్షరములను చూచియే నమ్మవలెను.

ఎర్రతీగ పని ముఖ్యముగా గ్రహింపుడు. కెమెరా కడుపు నింపునది పసుపుతీగ. కారు నడచుచున్నదా, నిలిచియున్నదా యని వార్త చెప్పునది ఎర్రతీగ. ఎర్రతీగలో శక్తి ఆగగనే కెమెరా కాపలా పద్ధతికి మారి తక్కువ శక్తితో పనిచేయును. బ్యాటరీ ఒక మితమునకు దిగినచో తానుగా ఆగిపోవును. మా కెమెరాలో ఈ ఆగుట కాపలా పద్ధతియందే జరుగును.

ఇక మా కథ వినుడు. చిత్రై ఉత్సవమునకు మేము కుటుంబముతో మదురకు పోయితిమి. కారును బంధువుల ఇంటి ముందట మూడు దినములు నిలిపితిమి. అళగరు వైగైలో దిగుట చూచి, నాలుగవ దినము ఉదయమున బయలుదేరబోగా ఇంజను కదలలేదు. పక్కింటివారి కారునుండి శక్తి తీసికొని ఎట్లో బయలుదేరితిమి. కోయంబత్తూరు చేరగనే కొత్త బ్యాటరీ వేయించితిమి. 5,000 రూపాయలకు పైబడి వ్యయమైనది. నెల తిరుగకముందే వరుసగా సెలవులు వచ్చి కారు కదలలేదు. కొత్త బ్యాటరీయు చచ్చినది.

మా కారు నడుపు పెద్దాయన మా తండ్రిగారి కాలమునుండి మా వద్ద ఉన్నవారు. మేము ఆయనను అన్నా యని పిలుతుము. ఆయన లోపలి దీపము ఆర్పకయో, పాటలు వినుచు కూర్చుండియో బ్యాటరీని ఖాళీ చేయుచున్నారని మేము అనుమానించితిమి. ఒకటి రెండు మాటలు అంటిమి. ఆయన బదులు చెప్పలేదు.

పిమ్మట ఒక దినము ఆయన ఒక్కరే మా సరకు తెచ్చుటకు దిండిగల్లు పోయి తిరిగి వచ్చుచుండగా, దారి మరమ్మతు జరుగుచున్న చోట ఒక మోటారు సైకిలు కారునకు తగిలినది. దానిపైనున్న యువకుడు పడి మణికట్టునకు దెబ్బ తగిలినది. ఆ యువకుడే ఎదురుదిక్కున వచ్చెనని మావారు చెప్పిరి. కారే పక్కకు తిరిగినదని అతడనెను. గుంపు చేరినది. “అయ్యా, కెమెరా ఉన్నది, చూడండి” అని పెద్దాయన ధైర్యముగా చెప్పిరట. చూడగా, తాకుటకు ఇంచుమించు అర నిమిషము ముందు చిత్రము తెగిపోయినది; తాకిన పిమ్మట మరల మొదలైనది. నడుమ ఏమియు లేదు. కెమెరాను ఆపి, తప్పు మాపి, మరల పెట్టినాడని గుంపు అనెను. చికిత్సకు కావలసిన సొమ్ము మేము పంపితిమి. అది పంపవలసినదే. కాని ఇంటికి వచ్చిన పిమ్మట మేమును గుంపు అడిగిన ప్రశ్ననే ఆయనను అడిగితిమి: “అన్నా, ప్లగ్గు లాగితివా?” మరునాడు ఆయన కారు తాళములను మా బల్లమీద పెట్టి ఊరికి వెళ్లిపోయిరి.

ఆ ఆదివారము మా మేనల్లుడు వచ్చినాడు. పాలిటెక్నిక్కులో చదువుచున్న బాలుడు. రాత్రి కారు పక్కగా పోవుచు నిలిచి, “మామా, తాళము తీసి రెండు గంటలైనది గదా, ఈ కెమెరా బండి నడచునప్పటివలెనే వెలుగుచున్నదేమి?” అని అడిగినాడు. మేము ఇన్ని నెలలు ఆ దీపమును చూచుచునే ఉంటిమి గాని, చూచినది లేదు. జరిగినదంతయు విని, “బండిని అడగకముందే మనిషిని అడిగితిరే, మామా!” అన్నాడు. ఆ మాట మాకు నేటికిని చెవిలోనే ఉన్నది.

మరునాడు పగటివేళ అతడు మల్టీమీటరు తెచ్చి వరుసగా పరీక్షించినాడు. మొదటి దోషము: పసుపుతీగయు ఎర్రతీగయు రెండును ఎల్లవేళల శక్తియుండు ఫ్యూజులకే కలిపియుండెను. కనుక కారు ఎన్నడును నిలువలేదనియే కెమెరా నమ్మియుండెను. కాపలా పద్ధతికి మారలేదు. బ్యాటరీ దిగినను ఆగలేదు. మీటరు 0.4 ఆంపియరు చూపెను. చిన్న సంఖ్యయే. కాని లెక్క చూడుడు: గంటకు 0.4 చొప్పున 24 గంటలకు 9.6, మూడు దినములకు 28.8 ఆంపియరు గంటలు. మా బ్యాటరీ నిండుకొలత 35. ఓటికుండలో నీరు నిలుచునా?

రెండవ దోషము: నల్లతీగను రంగు పూసిన బోల్టు క్రింద బిగించియుండిరి. రంగు విద్యుత్తును రానీయదు. బోల్టు మరలలయందు ఎచ్చటనో కొద్దిపాటి లోహము తగులుటచే కెమెరా పనిచేయుచుండెను. బండి గుంటలో పడినపుడు ఆ తగులుట తప్పిపోయి కెమెరా ఆగి, మరల మేల్కొనుచుండెను. మేల్కొనుటకు దానికి అర నిమిషమునకు తక్కువ కాదు. దారి చెడిన చోటనే అపాయము జరిగినది. దారి చెడిన చోటనే సాక్షి కన్నుమూసినది. గరుకుకాగితముతో రంగు గీకి, లోహము మెరియగా మరల బిగించితిమి. ఎర్రతీగను సాకెట్టు ఫ్యూజునకు మార్చితిమి. అయిన వ్యయము ఒక చిన్న ఫ్యూజు ట్యాపు, ఒక గరుకుకాగితపు ముక్క.

మేము ఆ సాయంకాలమే పొల్లాచి సమీపమునగల పెద్దాయన గ్రామమునకు పోయి, ఆయన వాకిట నిలిచి తప్పు ఒప్పుకొంటిమి. ఆయన చాలసేపు మాట్లాడలేదు. పిమ్మట, “కెమెరా పెట్టిననాడు సంతోషపడితిని, అయ్యా. నా మాటకు సాక్షి దొరికినదనుకొంటిని” అనిరి. తాళములు మరల పుచ్చుకొనిరి గాని, పది దినములు మాతో పనికి మించిన మాట పలుకలేదు. అది న్యాయమే. ఆ దినమున దారిలో తప్పు ఎవరిదో నేటికిని మాకు తెలియదు, ఎన్నటికిని తెలియదు. ప్లగ్గు ఎవరును లాగలేదని మాత్రము తెలిసినది.

ఇట్టి కెమెరా గలవారు చేసికొనదగిన పరీక్షలను వరుసగా మనవి చేయుదుము. అయిదారు వందల రూపాయలకు దొరకు మీటరు చాలును.

మొదటిది. కెమెరా మొరాయించినచో, దానిని తీగలనుండి విడదీసి, తగిన ప్లగ్గుతో సాకెట్టునందు పెట్టి ఒకటి రెండు దినములు నడపుడు. అచ్చట చక్కగా పనిచేసినచో కెమెరాయు కార్డును మంచివి, దోషము తీగలయందున్నది. అచ్చటను ఆగినచో తీగల జోలికి పోనక్కరలేదు. ఈ ఒక్క పరీక్షతో సగము వెదకులాట తగ్గును.

రెండవది, బ్యాటరీ. రాత్రియంతయు నిలిచిన కారున, ఉదయమున ఇంజను కదపకముందు కొలువుడు. సుమారు 12.6 వోల్టులున్నచో నిండుగా ఉన్నది, 12.2 అన్నచో ఇంచుమించు సగము, 12.0 అన్నచో పాతికవంతు. ఇంజను నడచునపుడు సాధారణముగా 13.7 మొదలు 14.5 వరకు ఉండవలెను. అట్లు లేనిచో దోషము కెమెరాది కాదు, ఆల్టర్నేటరు వైపు చూపింపుడు.

మూడవది, ఎర్త్. కెమెరా పనిచేయుచుండగా నల్లతీగ కొననుండి బ్యాటరీ రుణధ్రువమువరకు వోల్టులు కొలువుడు. 0.1 వోల్టునకు మించరాదు. తీగను వ్రేలితో కదపుచు చూడుడు; అంకె ఎగిరినచో మా దోషమే మీదియును.

నాలుగవది, పసుపుతీగ. తాళము తీసినను శక్తియుండవలెను. కారునకు తాళము వేసి అరగంట కడచిన పిమ్మట మరల కొలువుడు. కొన్ని కొత్త కార్లలో కారు నిద్రపోయిన పిమ్మట కొన్ని ఫ్యూజులలో శక్తి ఆగిపోవును. అప్పుడు కాపలా నడుమ తెగిపోవును.

అయిదవది, ఎర్రతీగ. తాళము తీసినపుడు సున్న, తిప్పినపుడు 12 వోల్టులు. సున్న రాకున్నచో మా వలెనే కొత్త బ్యాటరీలు కొనుచుందురు. ఇంజను తిప్పు క్షణమున శక్తి తగ్గి కెమెరా ఒకసారి కన్నార్పుట మాత్రము దోషము కాదు.

ఆరవది, ఫ్యూజు ట్యాపు. ఇందు రెండు ఫ్యూజులుండును: పాత సామగ్రికి ఒకటి, కెమెరాకు 2 లేక 3 ఆంపియరుల చిన్నది మరియొకటి. ఫ్యూజు తీసిన రెండు గాళ్లలో ఒకటి బ్యాటరీ వైపుది, రెండవది సామగ్రి వైపుది. ట్యాపును తిరుగవేసి గ్రుచ్చినచో కెమెరా శక్తియు పాత ఫ్యూజు గుండనే పోయి దానికి భారమగును. తీగ బయలుదేరు పక్క సామగ్రి వైపునకు ఉండునట్లు గ్రుచ్చవలెను. గాలిసంచులు, బ్రేకులు, ఇంజను కంప్యూటరు, వీని ఫ్యూజులను ఎన్నడును ముట్టరాదు. అద్దము పక్కనున్న స్తంభములో గాలిసంచి ఉన్నచో కెమెరా తీగ దానికి వెనుకగా పోవలెను. ముందుగా అడ్డముపడినచో ప్రాణాపాయ సమయమున సంచి విప్పుకొనుటకు ఆటంకమగును. ఈ పనికి చేయి తిరిగిన ఆటో ఎలక్ట్రీషియనునే పిలువుడు.

ఏడవది, ఆగు మితము. డబ్బీమీదనో కెమెరాలోనో 11.8, 12.0, 12.2, 12.4 వంటి అంకెలుండును. కాపలా ఎక్కువసేపు కావలెనని 11.8 పెట్టుకొనువారు ఉదయమున ఇంజను కదలలేదని ఏడ్చెదరు. పాత బ్యాటరీకి 12.2 గాని 12.4 గాని మేలు. దినముల తరబడి ఊరికి పోవువారు కాపలాను ఆపివేయుటే మంచిది. లారీలు బస్సులు అనేకము 24 వోల్టులవి. వానికి తగిన డబ్బీయే వాడవలెను.

ఎనిమిదవది, కార్డు. ఈ కెమెరా పాత చిత్రములపై కొత్తవి ఎడతెగక వ్రాయును. సాధారణపు కార్డు ఆ శ్రమకు త్వరగా అరిగిపోవును. ఎక్కువ వ్రాతకు ఓర్చు హై ఎండ్యూరెన్స్ కార్డులనబడునవి వేరుగా కలవు, వానినే కొనుడు. నెలకొకసారి కెమెరాలోనే ఫార్మాట్ చేయుడు. మన మదుర ఎండలో అద్దము వద్ద వేడిమి ఎంతయో మీకు చెప్పనక్కరలేదు. లోపల లిథియం బ్యాటరీకి బదులు కెపాసిటరు గల కెమెరా ఆ వేడిమికి మేలుగా ఓర్చును.

తొమ్మిదవది, తేదీ, గంట. కెమెరా గడియారము గ్రీన్‌విచ్ కాలమున ఉన్నచో మన కాలమునకు 5 గంటల 30 నిమిషములు వెనుకబడును. మధ్యాహ్నము జరిగినది ఉదయము జరిగినట్లు అగుపించును. అట్టి సాక్ష్యమును ఎదుటి వకీలు ఊరకుండనిచ్చునా?

సాక్ష్యమను మాట వచ్చినది గనుక ఒక సంగతి. 2024 జులై 1వ తేదీనుండి భారతీయ సాక్ష్య అధినియమము, 2023 అమలులోనున్నది. న్యాయస్థానమున ఇట్టి ఎలక్ట్రానిక్ రికార్డును దాఖలు చేయునపుడు దాని 63వ విభాగము ప్రకారము నిర్ణీతమైన ధ్రువపత్రము జతపరుపవలెను. 1872 నాటి పాత చట్టమున 65బి విభాగము ఇట్టిదే. కావున అపాయము జరిగిన వెంటనే కెమెరాను ఆపి, కార్డు తీసి, మరియొక కార్డు వేసికొనుడు. నడపుచునే ఉన్నచో ఆ చిత్రముపైననే కొత్త చిత్రము పడి పాతది మాసిపోవును. మూలపు కార్డును భద్రపరచి వకీలును సంప్రదింపుడు. కెమెరా బిగించుటతో పని తీరలేదు. అది పనిచేయుచున్నదా యని వారమునకొకసారి తెరచి చూచుట కూడ మన పనియే. మేము ఆ ఒక్కటి చేసియున్నచో తెగిపోయిన చిత్రములు ముందే కంటబడియుండును.

కోయంబత్తూరువారికి మోటారు విద్య కొత్తది కాదు. జి. డి. నాయుడుగారు బడిచదువు మిక్కిలి తక్కువగానే చదివిరి. ఒక ఆంగ్ల అధికారివద్ద కొన్న మోటారు సైకిలును విప్పి, మరల కూర్చి, ఆ విద్యను తామే గ్రహించిరి. 1937లో డి. బాలసుందరము నాయుడుగారితో కలిసి దేశమున తయారైన తొలి విద్యుత్ మోటారును ఇచ్చటనే రూపొందించిరి. అట్టి ఊరినుండి వచ్చిన మేము, మోటారు విడిభాగములు అమ్ముచు, నల్లతీగ ఎచ్చట బిగించిరో వంగి చూడక, ముప్పది యేండ్ల మనిషిని అనుమానించితిమి. విడిభాగమును మార్చుట సులభము; అంగడిలో దొరకును. మనిషి నమ్మకము అంగడిలో దొరకదు.

కడపట సంఘమునకు రెండు మనవులు. సంఘము తరఫున ఒక మంచి మల్టీమీటరు కొని, రెండు ఊళ్లలోను నెలకొక ఆదివారము సభ్యుల బండ్లను పరీక్షించు ఏర్పాటు చేయవలెను. ఈ పరీక్షలను ఒక్క కాగితముమీద తెలుగున అచ్చువేసి పంచవలెను. మన పెద్దలకు తెలుగు చదువ వచ్చును గాని మీటరు చదువరాదు. మన పిల్లలకు మీటరు చదువ వచ్చును గాని తెలుగు చదువరాదు. ఒక బండి పక్కన ఇద్దరిని నిలువబెట్టినచో ఇద్దరికిని పని దొరకును. మొదటి ఆదివారమునకు మా మేనల్లుడు వచ్చుటకు ఒప్పుకొన్నాడు. మా పెద్దాయనయు వచ్చెదరు. ఎర్త్ బోల్టునకు రంగు గీకుట ఇప్పుడు మా అందరికంటె ఆయనకే బాగుగా తెలియును.